ఉయ్యాల కొక్కేనికి నల్ల పట్టీలు

నల్ల పట్టీలను నేలకేసి కొట్టి, "ఇంక ఈ గడప తొక్కకు" అని జనార్దన్ అరిచిన చోట పోయిన వారం కథ ఆగింది. గూడ్సు బండ్లు నడిపే ఆ మనిషిని ఏప్రిల్లో కరోనా పట్టి, ఆసుపత్రి మంచం మీద పీల్చి పిప్పి చేసి వదిలింది. ఒకప్పుడు చొక్కా గుండీలు నిలవని ఛాతీ ఆయనది. ఇప్పుడు ఇంజను మెట్ల పక్క కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాలంటే చేతులు వణుకుతున్నాయి. సోమవారం రైల్వే డాక్టర్ల ముందు నిలబడాలి. అక్కడ తప్పితే ఇంజను పోయి, ఆఫీసులో ఒక మూల బల్ల మిగులుతుంది. అందుకే బ్యాంకులో పనిచేసే ఆయన కూతురు వీణ, సూరత్‌లోనే పర్వత్ పాటియాలో మగ్గాల కార్మికుల మధ్య ఉండే ప్రసన్నను పిలిపించింది. ఆడవాళ్ళ జిమ్‌లో నేర్పే ప్రసన్న, లాక్‌డౌన్‌లో ఆ జిమ్ మూతపడ్డాక, సంచిలో వ్యాయామం చేయించే పట్టీలు వేసుకుని ఇంటింటికీ తిరుగుతోంది. ఆ పట్టీలంటే జనార్దన్‌కు ఏవగింపు. వాటిని తెచ్చిన పిల్ల మాటంటే అంతకు రెండింతల ఏవగింపు.

గడప తొక్కవద్దన్న ఇంటికి ప్రసన్న మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. రాత్రి వీణ ఫోను చేసి బతిమాలింది. "నాన్న నోరు అంతే ప్రసన్నా. నా మొహం చూసి రా" అంది. ఆ ఇంట్లో తనను పేరు పెట్టి పిలిచేది వీణ ఒక్కతే. ఆ ఒక్క పిలుపు కోసమే, వానలో తడిసిన స్కూటీని ఉధ్నా రైల్వే క్వార్టర్ల ముందు ఆపి, ప్రసన్న మెట్లెక్కింది.

వరండాలో జనార్దన్ బనీనుతో కూర్చుని ఉన్నాడు. ఆయన తల పైన కప్పుకు రెండు ఇనప కొక్కేలు. ఇంతకు ముందు ఆ క్వార్టరులో ఉన్న గుజరాతీ కుటుంబం అక్కడ హించ్కో వేసుకుని సాయంత్రాలు ఊగేవారట. పోతూ ఉయ్యాల పట్టుకుపోయారు, కొక్కేలు మిగిలాయి. ప్రసన్న పట్టీలు తగిలించేది వాటిలో ఒకదానికే.

"వచ్చావా? నిన్న చెప్పింది బుర్రకెక్కలేదా, లేకపోతే మీ భాషలో చెప్పాలా?" అన్నాడు జనార్దన్, పేపరులోంచి తల ఎత్తకుండా.

"మా భాషల చెప్తే జల్ది ఎక్కుతది సార్" అంది ప్రసన్న, స్టూలు లాక్కుని కొక్కెం అందుకుంటూ.

లోపలి నుంచి ఆయన భార్య వెంకటసుబ్బమ్మ టీ తెచ్చింది. భర్తకు స్టీలు గ్లాసు. ప్రసన్నకు కాగితం కప్పు. అది కూడా చేతికివ్వదు, పిట్టగోడ మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరుగుతుంది. మొదటి రోజు "కరోనా రోజులు కదమ్మా" అని నవ్వింది. ఆ తర్వాత పక్కింటావిడ వచ్చి, మాస్కు కూడా లేకుండా, అదే స్టీలు గ్లాసులో టీ తాగి వెళ్ళడం ప్రసన్న చూసింది. కరోనాకు కూడా మనుషుల అంతరాలు బాగా తెలుసన్నమాట. అప్పటినుంచి ఆ కప్పు ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టి, అందులో ఈగ పడేదాకా అక్కడే ఉంటుంది.

చిన్నచూపుకు ప్రసన్న దగ్గర కూడా తక్కువేం లేదు. జనార్దన్ లాంటి మగవాళ్ళను ఆమె చాలామందిని చూసింది. అద్దం ముందు ఛాతీ ఒక్కటే పెంచుకుని, కాళ్ళ సంగతి మరిచిపోయేవాళ్ళు. హాలు గోడ మీద ఆయన వయసులో ఉన్నప్పటి ఫోటో ఉంది. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బరువులెత్తే పోటీ, మెడలో పతకం, ఊపిరి బిగపట్టి ఉబ్బించిన రొమ్ము. కింద మాత్రం కొంగ కాళ్ళు. మొదటి రోజే ఆ ఫోటో చూసి ఆమెకు లోలోపల నవ్వొచ్చింది. అది ఆయన పసిగట్టాడు. వాళ్ళిద్దరికీ అక్కడే చెడింది.

"లేవుండ్రి సార్. కొక్కెం దిక్కు వీపు పెట్టుండ్రి. చేతులు ముందటికి చాపి పిడులు పట్టుకోండ్రి."

"ఎద్దుకు పలుపుతాడు వేసినట్టు..." అని గొణుక్కుంటూ ఆయన లేచాడు. లేవకపోతే సోమవారం ఉంది.

చూడటానికి అది పెద్ద పనే కాదు. పైనుంచి వేలాడే రెండు పట్టీల చివరి పిడులు పట్టుకోవాలి. ఒళ్ళంతా బల్లచెక్కలా బిగించి ముందుకు వాలాలి. మోచేతులు మడుస్తూ ఛాతీని రెండు చేతుల మధ్యకు దించాలి, మళ్ళీ తోసుకుంటూ పైకి రావాలి. నేల మీద దండాలు తీసేవాడికి కింద నేల కదలదు. ఇక్కడ పట్టుకున్నదే నిలవదు. చేతులు ఒకటి అటు, ఒకటి ఇటు పారిపోతాయి. వాటిని ఒక్కచోట ఉంచడానికి రొమ్ము, భుజాలు, పొట్ట అన్నీ ఒకేసారి పని చెయ్యాలి. పాదాలు కొక్కెం వైపు జరిగినకొద్దీ ఒళ్ళు ఇంకా వాలుతుంది, బరువు పెరుగుతుంది.

జనార్దన్ నిలబడ్డ తీరు వేరు. పాదాలు ఎంతో ముందుకు పెట్టి దాదాపు నిటారుగా నిలబడ్డాడు. పొట్ట వేలాడేశాడు. మోచేతులు మడిచినట్టు నటించి, మెడ ఒక్కటి వంచి ఎత్తాడు.

"సార్, మీరు నూకుతలేరు. తలకాయ ఊపుతున్నరు, గంగిరెద్దు లెక్క."

"నూకడమేమిటి, నూకడం? నేనేమన్నా బియ్యంలో నూకలు ఏరుతున్నానా? తొయ్యడం అనాలి. తెలుగు కూడా రాని దానివి నాకు ఒళ్ళు వంచడం నేర్పుతావా?"

"తొయ్యుండ్రి మరి. పేరు ఏదన్న పెట్టుకోండ్రి, పనైతే కావాలె కదా."

"ఈ వేలాడటాలు మగాడు చేసే పనేనా? మా రోజుల్లో తెల్లవారేసరికి దండాలు తీసేవాళ్ళం. ఇనుము ఎత్తేవాళ్ళం. ఇవి ఆడాళ్ళు నాజూకు కోసం చేసుకునేవి. మీ మగ్గాల వాళ్ళకు గుడ్డముక్క తప్ప ఇంకోటి కనపడదు కాబోలు, వ్యాయామానికి కూడా పట్టీలే పట్టుకొచ్చావు."

వెంకటసుబ్బమ్మ గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తూ కిసుక్కున నవ్వింది.

ప్రసన్న వరండాలోంచి హాలులోకి తొంగి చూసి, గోడ మీది ఫోటోను వేలితో చూపించింది.

"సార్, గా ఫోటోల ఉన్నాయన ఇంట్ల ఉన్నడా?"

"ఏంటి?"

"ఉంటే జర పిలువుండ్రి. ఆయనకు నేర్పుడు నాకు సులువు. మీతోని నాకు టైం ఖరాబైతున్నది."

జనార్దన్ మొహం కందగడ్డ అయింది. నోరు తెరిచాడు, కానీ తిట్టడానికి కావలసినంత ఊపిరి లోపల లేదు. బుసకొట్టి, పిడులు బిగించి పట్టుకుని, పాదాలు వెనక్కి జరిపాడు. ఒకడుగు. ఇంకో అడుగు. ప్రసన్న అరచేయి ఆయన నడుము కింద, తగలకుండా, గాలిలో ఉంచింది.

"నడుము జార్చొద్దు. పిర్రలు బిగవట్టుండ్రి. దిగుండ్రి, దిగుండ్రి... చాలు. ఇగ నూకుండ్రి!"

పట్టీలు వణికాయి. కుడిచెయ్యి పక్కకు జారింది, ఆయన దాన్ని పళ్ళు బిగించి లోపలికి లాక్కున్నాడు. బనీను కింద ఎముకల మీద వదులుగా వేలాడుతున్న కండ ఒక్కసారి తాడులా బిగుసుకుంది. మెడ నరాలు పొంగాయి. ఒళ్ళు మెల్లమెల్లగా, చెక్క ముక్కలా ఒక్కటిగా, పైకి లేచింది. మోచేతులు నిటారు అయ్యాయి.

"ఇంకొకటి" అంది ప్రసన్న.

ఆయన ఇంకొకటి చేశాడు. ఆ తర్వాత అడగకుండానే మరొకటి చేశాడు. పిడులు వదిలేసి కుర్చీలో కూలబడ్డప్పుడు ఛాతీ కొలిమి తిత్తిలా ఎగిరిపడుతోంది. కళ్ళలో మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి వెలుగు కనిపించింది.

"నూకుడంటే గిది" అంది ఆమె. మెచ్చుకోలు అంతకుమించి ఇవ్వలేదు. ఆయనకు అదే చాలు.

గెలిచిన మనిషికి నోరు ఊరుకోదు. టీ గుక్కెడు తాగి, కాలు మీద కాలేసుకుని, మొదటిసారి ఆ పిల్లను ఎదుట కూర్చోమని స్టూలు చూపించాడు. తను చూపించగలిగిన దయ అంతా అదే అన్నట్టు చూపించాడు.

"మంచం మీద పడకముందు నన్ను చూడాల్సింది నువ్వు. నిరుడు లాక్‌డౌన్‌లో ఈ కాలనీ మొత్తం నా ఛాతీ అండ చూసుకుని బతికింది. ఆ రోజుల్లో మగ్గాలు ఆగిపోయి మీ జనం రోడ్ల మీద పడ్డారు కదా, చీమల పుట్ట తన్నినట్టు. ఒకడు వెనక గేటులోంచి తోపుడుబండి తోసుకుంటూ లోపలికొచ్చేశాడు. గోంగూర! 'మనం తెలుగోళ్ళమే సార్, జర తీసుకోండ్రి' అంటాడు. తెలుగోళ్ళమట! ఆ తెలుగు వింటే మా ఊళ్ళో కుక్కలు మొరుగుతాయి. పైగా దగ్గు. ఖళ్ళు ఖళ్ళుమని దగ్గుతూ, ఆ చేత్తోనే ఆకులు సర్దుతున్నాడు."

ప్రసన్న పట్టీ మీది చెమట తుడుస్తున్న గుడ్డ ఆపింది.

"నేను బయటికి వచ్చి, అక్కడే నిలబడమని ఒక్క కేక వేశాను. కదిలితే ఒట్టు! ఫోను కొట్టాను. తెల్ల తొడుగులు వేసుకున్నవాళ్ళు వ్యాను తీసుకుని వచ్చేశారు. వాడు కాళ్ళావేళ్ళా పడ్డాడు. 'గిది మగ్గాల దగ్గు సార్, ఏండ్ల సంది ఉన్నది' అని ఏడుపు. ఎక్కించి తలుపేశారు. గోంగూరంతా రోడ్డు మీద పడింది. ఆవులకు పండగ!" అంటూ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఛాతీ పట్టుకుని కాసేపు అవస్థ పడ్డాడు.

ఆయన దగ్గు ఆగేదాకా ప్రసన్న ఓపిగ్గా కూర్చుంది.

"ఆయన చెయ్యి చూసిండ్రా సార్?"

"చెయ్యా? ఆఁ, బొటనవేలు సగమే ఉంది. మగ్గంలో పోగొట్టుకున్నాడేమో. నీకెలా తెలుసు?"

ఊరి చివర సచిన్‌లో తను పనిచేసే మగ్గాల షెడ్డుకు తాళం పడిన తర్వాత రాజమల్లు బండి అద్దెకు తెచ్చుకున్నాడు. ఇల్లు గడవాలి కదా అన్నాడు. తెలుగువాళ్ళుండే కాలనీలకైతే గోంగూర అమ్ముడుపోతుందని ఆయనకు సలహా చెప్పింది ప్రసన్నే. ఆ రోజు పొద్దున పోయినవాడు తిరిగి రాలేదు. ప్రసన్న, ఆమె తల్లి రాజమ్మ కాళ్ళరిగేలా తిరిగారు. చివరికి ఏదో బడిలో పెట్టిన క్వారంటైన్ కేంద్రంలో ఉన్నాడని తెలిసింది. ఫోనులో "జ్వరం గిట్ల ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న" అన్నాడు. జ్వరం అక్కడే, పక్కపక్క చాపల మీద, ఎవరి నుంచో వచ్చింది. ఆ తర్వాత మూటగట్టిన ఒంటిని దూరం నుంచి చూపించారు. మొహం చూపించమని రాజమ్మ నేల మీద పడి దొర్లినా ఎవరూ చూపించలేదు. ఎవరో కాలనీవాళ్ళు పట్టించారని మాత్రం విన్నారు. ఏ కాలనీయో ఎవరూ చెప్పలేదు.

"ఆయన పేరు రాజమల్లు సార్" అంది ప్రసన్న. "మా బాపు."

వెంకటసుబ్బమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. జనార్దన్ కాళ్ళు దించి, మళ్ళీ ఒకదాని మీద ఒకటి వేసుకున్నాడు. ఒక్క క్షణం ఆ మొహంలో ఏదో కదిలింది. కానీ ఆయన దాన్ని కదలనివ్వలేదు.

"అయితే ఏమంటావిప్పుడు? దగ్గాడు కదా? దగ్గేవాణ్ణి లోపలికి రానిచ్చి నా ఇంటివాళ్ళను చంపుకోమంటావా? పోయాడా మీ నాన్న?"

"పోయిండు."

"ఎంతమంది పోలేదు! నేనూ పోవలసినవాణ్ణే. గట్టి ఒళ్ళు కాబట్టి బతికాను. మీ వాళ్ళవి దుమ్ము నిండిన ఊపిరితిత్తులు. వాటికి నేను పూచీనా?"

ప్రసన్న లేచింది. గొంతు పెంచలేదు.

"మీకు రోగం వచ్చినంక మిమ్ములను ఆసుపత్రికి తోల్కపోయిండ్రు. మా బాపుకు తోల్కపోయినంక రోగమొచ్చింది. ఇంతే సార్ ఫరక్. ఇగ నేను మిమ్ములను తిట్టను. తిట్టాలన్నా ఎదురుంగ మనిషుండాలె."

"ఏయ్, నోరు..."

"కూసోండ్రి. లేస్తే దమ్ము వస్తది, ఊపిరాడది. దమ్ము వస్తే మళ్ళ నేనే పట్టుకోవాలె, నాకు అసహ్యం."

ఆమె స్టూలు ఎక్కి కొక్కెం నుంచి పట్టీలు విప్పింది. ఒక్కొక్క పట్టీని అరచేతికి చుట్టుకుంటూ, తొందర లేకుండా సంచిలో పెట్టుకుంది. జనార్దన్ ఆ చేతులనే చూస్తున్నాడు. పట్టీలు పోతే సోమవారం పోతుందని ఆయనకు తెలుసు. 

"డాక్టర్ల ముందట కూడ గిదే కథ చెప్పుండ్రి" అంది ప్రసన్న, సంచి భుజాన వేసుకుంటూ. "ఛాతీ లేకున్నా నోరు చూసి పాస్ చేస్తరేమో."

"చూశావటే దాని పొగరు!" అని జనార్దన్ భార్య వైపు తిరిగాడు. "ఆ రోజు వాణ్ణి పట్టించి ఎంత మంచి పని చేశానో ఇప్పుడు తెలుస్తోంది!"

వెంకటసుబ్బమ్మ చాటను పక్కకు నెట్టింది. చిక్కుడు గింజలు గచ్చు మీద దొర్లిపోయాయి. ఇన్నేళ్ళ కాపురంలో భర్త గొప్పలకు తల ఊపి ఊపి ఆమె మెడ అలిసిపోయి ఉంటుంది.

"చాలించండి! మీరు పట్టించారా? ఆ రోజు మీరెక్కడున్నారో నేను చెప్పనా? లోపలి గదిలో గడియ పెట్టుకుని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, మంచం మీద ముడుచుకుని కూర్చున్నారు. కంచం తలుపు కింద నుంచి తోస్తే తిన్నారు. ఆ మనిషి మొహం కూడా మీరు చూడలేదు. బొటనవేలు సంగతి నేను చెప్తే విన్నారు. గోంగూర కొన్నది నేను! ఏడాదిగా ఆ కథను మీదిగా చేసుకుని కాలనీ అంతా చెప్పుకుంటుంటే, పోనీలే మగాడు కదా అని ఊరుకున్నాను. ఛాతీ అట, ఛాతీ!"

జనార్దన్ బనీను కిందికి లాక్కున్నాడు. ఈసారి పాలిపోయిన మొహాన్ని దాచుకోవడానికి ఆయనకు ఏమీ దొరకలేదు.

ప్రసన్నకు ఆయన మీద కోపం కూడా రాలేదు. ఉమ్మేయడానికి కూడా పనికిరాని మనిషి అనిపించింది. మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"అమ్మా, మరి ఫోను చేసిందెవరు?"

వెంకటసుబ్బమ్మ అన్నదంతా వెనక్కి తీసుకోవాలన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ ఆమె కళ్ళు తెలియకుండానే తన వెనక హాలు గుమ్మం వైపు పోయాయి.

అక్కడ వీణ నిలబడి ఉంది. బ్యాంకుకు తయారై, భుజాన బ్యాగుతో. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

ప్రసన్న కాదనే మాట కోసం చూసింది. అమ్మకు మతి పోయిందని వీణ ఒక్క మాట అంటే నమ్మడానికి సిద్ధంగా ఉంది. మొదటి రోజు తన చేతిలోని సంచి అందుకుని "బరువుగా ఉందే" అన్న వీణ. తన మొహం చూసి రమ్మన్న వీణ.

వీణ మాస్కు కిందికి లాగింది. కళ్ళలో తడి లేదు, తడబాటు లేదు.

"నేనే చేశాను. నాన్నకు షుగరు. మీ నాన్న దగ్గుకుంటూ మా అమ్మ చేతిలో ఆకులు పెడుతున్నాడు. రేపు అలాంటివాడు ఇంకొకడొస్తే రేపూ చేస్తాను."

ఆ గొంతులో ఉన్నది జనార్దన్ ఏవగింపే. చదువుతో కడిగి ఇస్త్రీ చేశారు కాబట్టి ఇన్నాళ్ళూ ప్రసన్న గుర్తుపట్టలేదు.

"మేడం..." అంది ప్రసన్న. 

"ఇంకొకటి కూడా విను. ఆయన పేరు రాజమల్లు అనీ, జిమ్‌లో నేర్పే కూతురుందనీ నాకు నిరుడే తెలుసు." వీణ బ్యాగు భుజం మీద సర్దుకుంది. "ఇంత పెద్ద సూరత్‌లో పట్టీల వ్యాయామం నేర్పేదానివి నువ్వొక్కదానివే అనుకున్నావా? నువ్వెవరి కూతురివో తెలిసే నిన్ను ఈ ఇంటికి రప్పించాను."

(సశేషం)